మధ్యలో ఏమైనా తిన్నారా?

నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఏమేం తిన్నారో, ఏమేం తాగారో చెప్పమని అడగడం ఆర్డిత్ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఆమె అదే అడుగుతోంది. శాకాహారుల ఆరోగ్యం మీద జరిగే ఒక అధ్యయనం కోసం. మాంసం మానమని బోధించే ఆమె చర్చి సభ్యులు వేలమంది దానికి పేర్లిచ్చారు. వాళ్ళలో మాంసం ముట్టనివాళ్ళున్నారు, పాలూ గుడ్లూ కూడా మానేసినవాళ్ళున్నారు, ఎప్పుడో ఓసారి చేప తిని ఆ సంగతి గొంతు తగ్గించి చెప్పేవాళ్ళున్నారు. ఎవరికి ఎప్పుడు ఫోను వస్తుందో ముందుగా చెప్పరు. చెబితే ముందురోజు అందరూ బుద్ధిగా తింటారు. కంప్యూటరు చీటీ తీసినట్టు ఒక నంబరు తీసి ఇస్తుంది. ఆమె ఆ నంబరుకి ఫోను చేస్తుంది.

ప్రశ్నలు అయిదు చుట్లు. మొదటి చుట్టులో వాళ్ళకి గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెప్పనివ్వాలి, అడ్డు తగలకూడదు. రెండో చుట్టులో జారిపోయినవాటిని తట్టి లేపాలి. రొట్టె మీద ఏమైనా రాసుకున్నారా, కూరలో నూనె వేశారా, మాత్రలేమైనా మింగారా. మూడోది వేళలు, నాలుగోది కొలతలు. అయిదో చుట్టులో ఒకటే ప్రశ్న. మధ్యలో ఏమైనా తిన్నారా?

ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఈ సంఘంలో అందరూ తడబడతారు. పూటకీ పూటకీ మధ్య ఏదీ నోట్లో వేసుకోకూడదని వాళ్ళు నడక నేర్చినప్పుడే నేర్చుకున్నారు. పొద్దున కడుపునిండా, మధ్యాహ్నం చాలినంత, రాత్రి తేలిగ్గా. నడుమ నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. అబద్ధమాడటం పాపం కాబట్టి ఎవరూ అబద్ధమాడరు. మరిచిపోతారు, అంతే. ఆ మరపుని ఎలా తట్టాలో ఆర్డిత్‌కి తెలిసినంతగా ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది కూడా ఆవిడే.

ఆ శుక్రవారం ఆమెకి వచ్చిన నంబరు థర్మన్ స్టిల్‌వెల్‌ది. ఆయనకి తొంభై మూడేళ్ళు.

"నువ్వా తల్లీ!" అన్నాడాయన, ఫోనులో అరుస్తూ. "నేనేం తింటానో మీకింకా తేలలేదా? నేను పోయేలోగా తేల్చెయ్యండి. తర్వాత అడిగితే చెప్పలేను."

"నిన్నటిది చెప్పండి బ్రదర్ థర్మన్. పొద్దున లేవగానే ఏం తీసుకున్నారు?"

ఆయన ఓట్స్ జావ చెప్పాడు, అరటిపండు చెప్పాడు, కోడలు చేసిన చిక్కుడు గింజల సూపు చెప్పాడు. రొట్టె మందం ఎంతో వేళ్ళతో చూపిస్తున్నానని ఫోనులో అన్నాడు. ఆర్డిత్ ఒక్కొక్కటీ టైపు చేసింది. అయిదో చుట్టుకి వచ్చింది.

"మధ్యలో ఏమైనా తిన్నారా?"

అటువైపు ఆయన దగ్గు మొదలుపెట్టాడు.

"చేతికి అందేలా మంచం పక్కన ఏమైనా ఉంటుందా?" అని ఆమె మామూలు గొంతుతోనే అడిగింది.

"నిన్ను చూస్తే పాస్టరు గారికన్నా ఎక్కువ భయమేస్తుందమ్మా. ఖర్జూరాలు. నాలుగు."

"నాలుగేనా?"

"ఆరు. రాసుకో. కోడలికి చెప్పకు."

పక్క కుర్చీలో కూర్చున్న జెనలిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ అమ్మాయి ఆఫీసులో చేరి ఏడాదయింది. ఆర్డిత్ కూడా నవ్వాలి. ఇక్కడ నవ్వాలి అని ఆమెకి తెలిసింది, పెదవులు ఆ ఆకారానికి వచ్చాయి. తెర మీద థర్మన్ తిన్నది మొత్తం కూడి వచ్చింది. పద్దెనిమిది వందల అరవై కేలరీలు, అరవై ఒక్క గ్రాముల మాంసకృత్తులు. ఆయన వయసుకి బాగానే తింటున్నాడు.

ఆర్డిత్ బరువు తొంభై నాలుగు పౌండ్లు. పన్నెండేళ్ళ పిల్ల బరువు. ఆమెకి అరవై ఒక్కేళ్ళు. ఎనిమిది నెలల క్రితం భర్త మెర్ల్ పోయేనాటికి నూట ముప్ఫై ఒకటి. కిందటి వారం డాక్టర్ పెల్‌టియర్ తూకం ముల్లుని రెండుసార్లు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"సిస్టర్ ఆర్డిత్, ఏం తినాలో మీకు నేను చెప్పక్కర్లేదు. చెబితే నవ్వుతారు. ఒక్క మాట చెబుతాను. ఈ నెలాఖరుకి తొంభై కిందకి దిగితే ఆసుపత్రిలో చేర్చి, ముక్కులోంచి గొట్టం వేస్తాను."

"అలాగే" అంది ఆర్డిత్.

"అలాగే అంటే, తింటాననా, గొట్టం వేయించుకుంటాననా?"

ఆమె ఆలోచించింది. రెండింటిలో ఏదో తేలలేదు. డాక్టరు ఆమె మొహంలోకి చూస్తున్నాడు గనక "తింటాను" అంది.

తినడం మానాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అలా అనుకుని ఉంటే అది ఒక నిర్ణయం అయ్యేది, దాని ఎదుట ఇంకో నిర్ణయం పెట్టగలిగేది. మెర్ల్ పోయిన వారంలో నాలుకకి రుచి పోయింది. ఆ తర్వాత ఆకలి పోయింది. తిండి ఇప్పుడు ఆమెకి ఎవరో గదిలో వదిలిపెట్టి వెళ్ళిన సామాను లాంటిది. దాని పక్కనుంచి తప్పుకుని నడుస్తోంది. ఏ పప్పు ఏ ధాన్యంతో కలిస్తే మాంసకృత్తు పూర్తవుతుందో, ఆకుకూర మీద నిమ్మరసం పిండితే ఇనుము ఎంత బాగా ఒంటికి పడుతుందో, శాకాహారి కడుపు నిండినా కేలరీలు నిండకుండా ఎలా మోసపోతాడో ఆమెకి ఇప్పుడు కూడా నిద్రలో అడిగినా తెలుసు. తెలిసినదంతా ఒక గదిలో ఉంది. ఆమె ఇంకో గదిలో ఉంది.

మర్నాడు శనివారం, ఆ సంఘం విశ్రాంతి దినంగా పాటించే సబ్బాతు. ఆరాధన అయ్యాక చర్చి హాల్లో అందరూ తెచ్చినవి కలిపి భోజనం. ఆ వారం గడ్డివాము పెట్టారు. ఆ వంటకాన్ని అక్కడ అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. పొడుగాటి బల్ల మీద మొదట మొక్కజొన్న చిప్స్, తర్వాత ఉడికించిన బీన్స్, చీజ్, ఆపైన తరిగిన ఆకులు, టమాటాలు, ఆలివ్‌లు. చిప్స్ దగ్గర మొదలుపెట్టి ఒకదాని మీద ఒకటి పోగు చేసుకుంటూ పోవాలి. ఆర్డిత్ బల్లకి అటు చివర్నుంచి మొదలుపెట్టింది. పళ్ళెం ఆకులతో నిండిపోయింది. బీన్స్ దాకా వచ్చేసరికి చోటు లేదు.

వంటింటి పెత్తనం వెల్డాది. ఆమె గరిటె పట్టుకుని బల్ల వెనక నిలబడి ఉంది.

"చూడండర్రా, చూసి నేర్చుకోండి" అంది అందరికీ వినబడేలా. "తెలిసినవాళ్ళు తినే తీరు అదీ. నేను ఆ చీజ్ గిన్నె వైపు చూస్తేనే రెండు పౌండ్లు పెరుగుతాను. ఏమే ఆర్డిత్, నీ రహస్యం ఏమిటో మాకూ చెప్పకూడదూ?"

"రహస్యం ఏముంది" అంది ఆర్డిత్.

"నడుం చూడు, కాలేజీ పిల్లలా ఉంది! నా బట్టలు నీకు ఇచ్చేస్తాను, ఇద్దరం పడతాం వాటిలో."

ఎవరో నవ్వారు. ఎవరో ఆమె భుజం తట్టారు, తట్టిన చెయ్యి ఎముక తగిలి ఒక క్షణం ఆగి వెనక్కి పోయింది. ఆ చెయ్యి ఎవరిదో ఆర్డిత్ చూడలేదు.

ఈ ఎనిమిది నెలల్లో సంఘం ఆమెని ఒంటరిగా వదలలేదు. ప్రతి వారం ఎవరో ఒకరు గుమ్మం ముందు మూతపెట్టిన గిన్నెలు పెట్టి వెళ్ళారు. నూనె లేని క్యాబేజీ సూపు. ఉప్పు లేని ఉడికించిన గుమ్మడి. దోసకాయలూ కీరలూ తరిగిన పెద్ద సలాడ్ గిన్నె. ఆయుష్షు పెంచే తిండి. వాళ్ళకి తెలిసిన ప్రేమ అంతా దాంట్లోనే ఉంది. ఒక గిన్నె మొత్తం తిన్నా వంద కేలరీలు దాటదు. మరణం వచ్చిన ఇంటికి నెయ్యో వెన్నో పంపాలని ఈ ఊళ్ళో ఎవరికీ తోచదు. ఆర్డిత్ ఆ గిన్నెలు కడిగి, తుడిచి, పేరు చూసి తిరిగి ఇచ్చేసేది.

పళ్ళెంతో మూల బల్ల దగ్గర కూర్చుంది. వెనక బల్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒక గొంతు వెల్డాది. మెల్లగా మాట్లాడుతున్నానని వెల్డా అనుకుంటుంది.

"అరవై ఆరేళ్ళకే! మా నాన్న ఎనభై తొమ్మిదో ఏట టెన్నిస్ ఆడాడు. ఇంట్లో ఇంత పద్ధతిగా వండి పెట్టే మనిషి ఉండగా అలా ఎలా పోతాడు చెప్పు?"

"గుండె కదా. ఎవరికి తెలుసు?"

"రోజంతా ట్రక్కు వేసుకుని తోటల్లో తిరిగేవాడు. బయట ఏం తినేవాడో ఎవరు చూశారు?"

ఈ ఊళ్ళో తొందరగా పోవడం ఒక ప్రశ్న. దానికి జవాబు పళ్ళెంలో వెతుకుతారు. ఆర్డిత్‌కి కోపం రాలేదు. వస్తుందేమోనని కొంచెంసేపు చూసింది, తలుపు కొట్టి ఆగినట్టు. లోపల ఎవరూ కదల్లేదు.

మెర్ల్ బయట ఏం తినేవాడో ఆమెకి తెలుసు.

మెర్ల్ నారింజ తోటల్లో నీళ్ళ గొట్టాలు వేసేవాడు. కాలవలు తవ్వడం, గొట్టాలు మోయడం, ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని బిగించడం. అరవై నాలుగో ఏట రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువని వచ్చింది. ఆర్డిత్ ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. ఇంట్లో నూనె మానేసింది, చీజ్ మానేసింది, గింజలు మానేసింది, పీనట్ బటర్ సీసాలు పక్కింటికి ఇచ్చేసింది. మెర్ల్‌కి రోజుకి ఎన్ని కేలరీలు కావాలో పట్టిక చూసి లెక్క కట్టింది. పట్టికలో పని రకాన్ని బట్టి మూడు వరసలు ఉంటాయి. ఇకమీద పైనుంచి చూసుకోవడమే, పనివాళ్ళున్నారు, అన్నాడు మెర్ల్. ఆమె తేలికపాటి పని వరస తీసుకుంది. పెద్ద పళ్ళెం నిండా కూరగాయలు పెట్టేది. అతను తలవంచి ప్రార్థన చేసేవాడు. ఎప్పుడూ అవే మాటలు. "చాలినంత పెట్టావు తండ్రీ, నీకు స్తోత్రం." తర్వాత మొత్తం తినేవాడు. పళ్ళెం తుడిచినట్టు ఉండేది.

ఏడాదిలో ముప్ఫై పౌండ్లు తగ్గాడు. చర్చిలో అందరూ చప్పట్లు కొట్టారు. మీ ఆయన్ని మళ్ళీ పెళ్ళికొడుకుని చేశావు కదే అంది వెల్డా. పైనుంచి చూసుకునే మనిషి బూట్లకి ప్రతి సాయంత్రం మోకాళ్ళ దాకా బురద ఉండేది. ఆ బురద ఆర్డితే కడిగేది. సాక్సులు ఆమే ఉతికేది. కడిగింది, ఉతికింది, వరస మార్చలేదు.

అతను పోయిన పదో రోజున ట్రక్కు కాగితాల కోసం డాష్‌బోర్డు అర తెరిచింది. కాగితాల వెనక ఒక పీనట్ బటర్ సీసా ఉంది. సగం అయిపోయింది. దాని పక్కన ఇంట్లోంచి ఎప్పుడో మాయమైన చెంచా ఉంది. మాంసం ముక్క కాదు, సిగరెట్లు కాదు, సారా కాదు. ఊరంతా వెతికే పాపాల్లో ఏదీ కాదు. అతనికి ఆకలేసింది. రెండేళ్ళ పాటు ఆకలేసింది, ఆమెకి చెప్పలేదు. పూటల మధ్య తిన్నందుకు సిగ్గుపడి దాచుకున్నాడా, ఆమె పెట్టింది చాలడం లేదంటే ఆమె చిన్నబోతుందని దాచుకున్నాడా? ఆ తిండికీ ఆ గుండెకీ ఏ సంబంధమూ లేదు, రక్తనాళం పుట్టుకతోనే సన్నం, అని డాక్టరు రాసి ఇచ్చాడు. ఆమె నమ్మింది. గుండె సంగతి నమ్మింది. సీసా అలాగే అరలో ఉంచి మూసేసింది.

కొన్ని వేలమందిని ఆమె ఆ చివరి ప్రశ్న అడిగింది. మెర్ల్‌ని ఒక్కసారి అడగలేదు.

మంగళవారం ఆర్డిత్‌కి సెలవు. మధ్యాహ్నం మూడుంబావుకి వంటింట్లో కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"నమస్తే అండీ, ఆరోగ్య అధ్యయనం నుంచి మాట్లాడుతున్నాను. నిన్న మీరు తీసుకున్న ఆహారం గురించి ఒక అరగంట..." గొంతు ఆగింది. "ఆంటీ? మీరేనా?"

"నేనే జెనలిన్."

"అయ్యో, నాకు నంబరే కనిపిస్తుంది కదా, పేరు రాదు. మీరూ ఉన్నారా ఇందులో?"

"ఉద్యోగంలో చేరకముందు పేరిచ్చాను. నా నంబరు ఇంతవరకూ రాలేదు."

"మన ఆఫీసువాళ్ళని మనమే అడగకూడదు కదా. రేపు ఇంకెవరిచేతనైనా చేయిస్తాను."

"రేపు చేస్తారని తెలిస్తే ఇవాళ బుద్ధిగా తింటాను" అంది ఆర్డిత్. పాఠం చెప్పేటప్పుడు ఆమె వాడే గొంతు అది. "అడుగు. పరీక్ష అనుకో."

"నాకా, మీకా?" అని నవ్వింది జెనలిన్. "సరే. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి. నేను అడ్డు రాను."

ఆర్డిత్ చెప్పింది. ఆగకుండా, తడుముకోకుండా చెప్పింది. ఉదయం ఆరున్నరకి ఓట్స్ జావ, ఒక కప్పు. సోయా పాలు ముప్పావు కప్పు. వాల్‌నట్లు ఏడు. ఎండు రేగుపళ్ళు మూడు. ఒంటిగంటకి మసూర్ పప్పు రొట్టె రెండు ముక్కలు, దంపుడు బియ్యపు అన్నం ఒక కప్పు, నిమ్మరసం పిండిన పాలకూర, కేరట్. సాయంత్రం ఆరింటికి గోధుమ రొట్టె మీద బాదం వెన్న, ఒక ఆపిల్. బి-పన్నెండు మాత్ర ఒకటి. వాక్యాలు వాటంతటవే వస్తున్నాయి. అబద్ధం ఆడుతున్నానన్న భావం ఎక్కడా తగల్లేదు. ఎవరో పక్కనుంచి చదువుతుంటే తను పలుకుతున్నట్టుంది.

టైపు చేస్తున్న చప్పుడు మధ్యలో ఆగిపోయింది.

"ఆంటీ."

"ఊఁ."

"వాల్‌నట్లు ఏడు."

"ఏడు."

"కోపం తెచ్చుకోకండి. ఇది మీరు మాకిచ్చిన పాఠంలో మూడో పేజీ. నమూనా భోజనం. పదిహేడు వందల నలభై కేలరీలు. ఆ కాగితం నా ఎదురుగా గోడకి గుచ్చి ఉంది." మళ్ళీ అంది, "ఇలా ఎవరూ తినరని ఆ పేజీ కింద మీరే రాశారు. ఎవరైనా ఇంత సరిగ్గా చెబితే ఆపి మళ్ళీ మొదటినుంచి అడగమని."

వంటింటి కిటికీలోంచి ట్రక్కు కనిపిస్తోంది. ఎనిమిది నెలలుగా కదల్లేదు. అద్దం మీద దుమ్ము మందంగా పేరుకుంది.

"అయితే మళ్ళీ అడుగు" అంది ఆర్డిత్.

"ఇప్పుడు రానా ఆంటీ? పది నిమిషాల్లో వచ్చేస్తాను."

"వద్దు. అడుగు."

జెనలిన్ గొంతు సవరించుకుంది. పని గొంతు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి."

"సగం నారింజ" అంది ఆర్డిత్.

జెనలిన్ అడ్డు రాలేదు. ఆమె నేర్పినట్టే ఆగింది. ఆ ఆగడం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆర్డిత్‌కి ఇటువైపు నుంచి ఇదే మొదటిసారి తెలియడం.

"తర్వాత ఉప్పు బిస్కెట్లు. నాలుగు. తర్వాత ఎవరో పంపిన క్యాబేజీ సూపు, ఒక గిన్నె. ముక్కలు వదిలేశాను. నీళ్ళే తాగాను. టీ. చామంతి పూల టీ. రెండు సార్లు. మిగతా సగం నారింజ. పడుకునేముందు ఇంకో అయిదారు బిస్కెట్లు."

"నారింజ ఎంతది?"

"టెన్నిస్ బంతంత."

"సూపులో నూనె?"

"లేదు. వాళ్ళు వెయ్యరు."

"బిస్కెట్ల మీద ఏమైనా రాసుకున్నారా?"

"లేదు."

"మాత్రలు?"

"సీసా ఉంది. తియ్యలేదు."

టైపు చప్పుడు చాలాసేపు వినిపించింది. చెప్పినదాన్ని బట్టి చూస్తే అంతసేపు పట్టకూడదు. జెనలిన్ కళ్ళు తుడుచుకుంటోందని ఆర్డిత్ అనుకుంది. ఆ అమ్మాయి ఏడుపు ఆమెకి దూరంగా, ఎవరి ఇంట్లోనో నీళ్ళ కుళాయి విప్పినట్టు ఉంది.

"ఎంత వచ్చింది?" అని అడిగింది.

"నాలుగొందల పది. అది కూడా పడుకునేముందు బిస్కెట్లు ఆరనుకుంటే." జెనలిన్ ముక్కు చీదింది. "ఆంటీ, బరువెంత ఉన్నారు?"

"అది ఈ ప్రశ్నల్లో లేదు."

"ఆంటీ!"

"తొంభై నాలుగు. కిందటి వారం. తొంభై కిందకి దిగితే గొట్టం వేస్తానన్నాడు పెల్‌టియర్." చెప్పాక ఏదైనా జరుగుతుందేమోనని చూసింది. ఏమీ జరగలేదు. కుర్చీ కుర్చీలాగే ఉంది, కిటికీ కిటికీలాగే ఉంది. కానీ ఈ మాట ఇప్పుడు ఇంకొకరి దగ్గర కూడా ఉంది. అంతకుముందు లేదు. "ఇంకో చుట్టు మిగిలింది. పూర్తి చెయ్యి."

"ఇప్పుడెందుకు ఆంటీ అదంతా..."

"మధ్యలో వదిలేస్తే ఆ రికార్డు పనికిరాదని నీకు చెప్పాను."

జెనలిన్ నిట్టూర్చింది. "సరే. చెప్పండి. మధ్యలో ఏమైనా తిన్నారా?"

ఆర్డిత్ లేచింది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వెనక తలుపు తీసింది. మూడున్నర దాటిన ఎండ, పొడి గాలి. కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది. ట్రక్కు తలుపుకి తాళం లేదు. లోపల వేడి పొయ్యిలా ఉంది. మెర్ల్ కూర్చునే సీటు అతని ఆకారంలో గుంట పడి ఉంది. ఆ సీటు పక్కనుంచి వంగి అర తెరిచింది.

"ఆంటీ, ఉన్నారా? ఎక్కడికి వెళుతున్నారు?"

"అడిగావు కదా. ఉండు."

సీసా మూత బిగుసుకుపోయింది. చొక్కా అంచుతో పట్టుకుని తిప్పింది. పైన నూనె పసుపచ్చగా తేలి ఉంది. వాసన ముక్కు దాకా వచ్చింది. వేసవంతా ఆ అరలో ఉడికి ముక్కిపోయింది. ఇలాంటిది ఎవరైనా తింటానంటే ఆమె సీసా లాక్కుని చెత్తలో పడేసి, ఎందుకు తినకూడదో రెండు నిమిషాలు చెప్పి ఉండేది.

మెర్ల్ చెంచా తీసుకుంది. అడుగున గట్టిపడినదాన్ని గీకింది. అతను గీకిన గీతలు అక్కడ ఇంకా ఉన్నాయి, ఆమె గీత వాటి పక్కన పడింది. చెంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకుంది.

చేదు.

నాలుక మొదట నమ్మలేదు. తర్వాత చేదు గొంతు దాకా పాకింది, దవడల వెనక నీళ్ళూరాయి, కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. అవి ఏడుపు కాదు. ఒంటికి ఏదో తగిలితే వచ్చే నీళ్ళు. ఎనిమిది నెలల్లో ఆమె నాలుకకి ఒక రుచి తెలియడం ఇదే మొదటిసారి. అంగిలికి అతుక్కున్నదాన్ని నాలుకతో మెల్లగా విడదీసి మింగింది. అతను కూడా ఇలాగే, కాలవ పక్కన ట్రక్కు ఆపి, ఎవరూ చూడకుండా, అంగిలి నుంచి నాలుకతో విడదీసుకుని ఉంటాడు. అప్పుడు అది తియ్యగా ఉండి ఉంటుంది.

"పీనట్ బటర్" అంది ఫోనులో. "ఒక చెంచా."

"ఎన్నింటికి?"

"ఇప్పుడే."

"ఇప్పుడు తిన్నది నిన్నటి లెక్కలోకి రాదు ఆంటీ" అంది జెనలిన్. ఆ మాట అలవాటుగా వచ్చేసింది. తర్వాత తనే ఉలిక్కిపడినట్టు, "తిన్నారా? నిజంగా తిన్నారా?"

"ఉప్పు వెయ్యనిది. ముక్కిపోయింది."

"ముక్కిపోయిందా? ఛీ, ఊసెయ్యండి ఆంటీ!"

"మింగేశాను."

తర్వాత జెనలిన్ ఏడుస్తూనే నవ్వింది. "ముక్కిపోయినదానికి కంప్యూటర్లో కోడ్ లేదు."

"లేదు. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

ఆర్డిత్ మెర్ల్ సీటు అంచున కూర్చుంది. గుంటలో కాదు, అంచున. ఒక చెంచాకి తొంభై అయిదు కేలరీలు. లెక్క దానంతటదే వచ్చింది. రోజుకి ఆమెకి కావలసినదాంట్లో పదహారో వంతు కూడా సరిగ్గా లేదు. అది చిన్న సంఖ్య. కానీ ఆమె వరసలో పడిన సంఖ్య.

"జెనలిన్, అతనిది తేలికపాటి పని కాదు" అంది.

"ఎవరిది ఆంటీ?"

"నేను వరస తప్పు తీసుకున్నాను. బురద రోజూ చూశాను. అయినా అడగలేదు."

ఆ మాట ఏమిటో జెనలిన్‌కి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఏం చెయ్యాలో నేర్పిన మనిషి ఆర్డితే కాబట్టి, ఆ అమ్మాయి ఏమీ అనకుండా ఆగింది. అటువైపు ఆఫీసులో ఎవరివో ఫోన్లు మోగుతున్నాయి. ఎవరో ఎవరినో రొట్టె మందం అడుగుతున్నారు.

"రేపు మళ్ళీ చెయ్యి" అంది ఆర్డిత్ చివరికి.

"ముందుగా చెప్పి చేస్తే అది లెక్కలోకి రాదు కదా. మీరే నేర్పారు."

"లెక్కలోకి రాకపోయినా చెయ్యి."

"చేస్తాను. ఎన్నింటికి చెయ్యమంటారు?"

"అది మాత్రం నాకు ముందుగా చెప్పకు."

ఫోను పెట్టేశాక ఆమె సీసా మూత బిగించి చెత్త డబ్బాలో వేసింది. చెంచా ఇంట్లోకి తెచ్చుకుంది. నోట్లో చేదు అలాగే ఉంది. నీళ్ళు తాగితే పోతుందని తెలుసు. కుళాయి దగ్గర చాలాసేపు నిలబడింది, తాగలేదు.